ఆరు కాటాల కమీషన్

జవాబు పదకొండో తారీఖున వచ్చింది. ఒకటిన్నర పేజీ, కింద కంపెనీ ముద్ర, యజమాని సంతకం. వెనక ఆరు ఫారాల నకళ్లు పిన్ను కొట్టి ఉన్నాయి. అసలు విషయమంతా చివరి వాక్యంలో ఉంది: "కావున మీకు చెల్లించవలసిన కమీషన్ ఏదీ లేదని తెలియజేస్తున్నాము."

ఆమె వంటింటి గుమ్మంలో నిలబడి ఉత్తరం రెండుసార్లు చదివింది. తర్వాత ఫారాలు ఒక్కొక్కటే తిప్పింది. ఒక్కో కాటాకి ఒక్కో ఫారం. సరుకుతో సహా లారీని తూచే పెద్ద కాటాలవి. ఆరింటినీ ఆమే అమ్మింది. బిగించేటప్పుడు ఆరు చోట్లా దగ్గరుండి చూసుకుంది. ఈ ఫారాల ప్రకారం ఆ అమ్మకాలే లేవు. కొన్నవాళ్లు వద్దనుకున్నారట, కంపెనీ కాటాలు విప్పి పట్టుకుపోయిందట. తర్వాత మనసు మార్చుకుని మళ్లీ కొన్నారట, ఈసారి యజమాని బావమరిది ద్వారా.

ఆ ఉదయమే బస్సులో వస్తూ, వాటిలో ఒకదాని మీదికి ఇటుకల లారీ ఎక్కడం ఆమె కిటికీలోంచి చూసింది.

తొమ్మిదేళ్లు ఆ కంపెనీ కాటాలు అమ్మింది. ఉద్యోగం కాదు. జీతం లేదు, సెలవు లేదు. అమ్మిన ధరలో నూటికి నాలుగు, అంతే. లారీ యార్డుల్లో ఆమెని అందరూ 'కాటా అక్క' అనేవారు. ఆమెకంటే ఇరవై ఏళ్లు పెద్దవాళ్లకి కూడా ఆమె అక్కే. నాలుగు నెలల కిందట యజమాని నాలుగుని రెండు చేస్తున్నానన్నాడు. ఒప్పందంలో ఉన్నట్టే ముప్పై రోజుల నోటీసిచ్చి ఆమె తప్పుకుంది. అప్పటికి బిగించి, ప్రభుత్వ ముద్ర కూడా పడి, కమీషన్ మాత్రం చేతికందని కాటాలు ఆరు. ఒక్కోదానికి లక్షా పదివేలు రావాలి.

"ఏమంటాడు ఆ మహానుభావుడు?" అంది అత్తగారు, బీన్సు తుంచుతూ.

"నేనమ్మినవన్నీ వెనక్కొచ్చేశాయంట."

"వెనక్కి రావడానికి అవేమన్నా నీ మొగుడి చొక్కాలా, సైజు సరిపోలేదని! పదేసి టన్నుల ఇనుమాయె."

ఆమె భర్త నవ్వలేదు. సరుకు రవాణా కంపెనీలో పద్నాలుగేళ్లు లారీ తోలి, కిందటి నెలే మానేశాడు. మానేసినప్పుడు చేతికొచ్చిన లక్షన్నర ఒక పాత లారీకి అడ్వాన్సుగా కట్టారు. లారీ ఒక్కటే అయితే అంత ఆశ పడేవాళ్లు కాదు. దాంతోపాటు ఐదువందల తూకం రాళ్లు వస్తాయి. పేరుకే రాళ్లు, పోతపోసిన ఇనుము. ఒక్కోటి ఇరవై కిలోలు, మొత్తం పది టన్నులు. ఏ కాటాకైనా తూనికల శాఖ ముద్ర పడాలంటే దాని మీద అలాంటి రాళ్లు పేర్చి పరీక్షించాలి. ఆ చుట్టుపక్కల అలాంటి లారీలు అద్దెకిచ్చేవాళ్లు ముగ్గురే. వాళ్లలో ఒకాయన వ్యాపారం మానేస్తున్నాడు. మిగతా ఆరు లక్షలు ముప్పయ్యో తారీఖులోగా కడితే లారీ వీళ్లది, లేకపోతే అడ్వాన్సు ఆయనది.

"ఇందాక లారీ ఆయన ఫోన్ చేశాడు," అన్నాడు భర్త. "ఇంకో పార్టీ ఉందంట."

"అమ్మేవాళ్లకి ఎప్పుడూ ఇంకో పార్టీ ఉంటుందండీ."

"ఈసారి నిజంగానే ఉన్నాడు. నేను వెళ్లేసరికి లారీ కింద దూరి ఇరుసు చూస్తున్నాడు."

ఆమె ఉత్తరం మడిచి సంచీలో పెట్టుకుంది.

*

జిరాక్స్ షాపు పైన వకీలు గది. మెట్లెక్కితే కాగితం వేడెక్కిన వాసన వస్తుంది. వకీలు డెబ్బై దాటిన మనిషి. ఒప్పందం మొదటి పేజీ నుంచి చివరి పేజీ దాకా వేలు పెట్టి చదివాడు.

"ఏడో నిబంధన నీ వైపే ఉందమ్మా. ఒప్పందం ముగిసేనాటికి ముద్ర పడిన ప్రతి కాటాకీ కమీషన్ నీ హక్కు. డబ్బు వసూలైతే చాలు."

"మరి ఇవో?" ఆమె ఫారాలు ముందుకి తోసింది.

"ఇవి లేకపోతే ఈ కేసు మా గుమాస్తా కూడా గెలిచేవాడు. అమ్మకమే రద్దయ్యాక కమీషన్ ఎక్కడిది? కొన్నవాళ్ల సంతకాలు కూడా ఉన్నాయి చూడు."

"అన్నీ అబద్ధాలు సార్. ఒక్క కాటా కూడా కదల్లేదు."

"నాకు తెలుసు. నీకు తెలుసు. జడ్జిగారికి తెలియడానికి నాలుగేళ్లు పడుతుంది. గెలుస్తావు, అనుమానం లేదు. అప్పటికి నీ లారీ ఇంకెవడి దగ్గరో తుప్పు పట్టి ఉంటుంది."

"ముప్పైలోగా కావాలి సార్."

వకీలు కళ్లజోడు తీసి తుడుచుకున్నాడు. "అయితే కోర్టు సంగతి మర్చిపో. అబద్ధం ఆడినవాడికే ఆ అబద్ధం బరువెక్కాలి. అలాంటిదేదైనా దొరికితే పట్రా. నోటీసు నేను రాస్తాను."

*

పాత ఇనుము యార్డు షావుకారు ఆమెని చూడగానే కుర్చీలోంచి లేచాడు. కుర్చీ తుడిచాడు. టీ చెప్పాడు. ఇన్ని మర్యాదలు చేస్తున్నాడంటే తప్పు చేశాడని అర్థం.

"అక్కా, నువ్వొస్తావని తెలుసు."

"తెలిసీ సంతకం పెట్టావా?"

"బిల్లు మారుస్తున్నాం, పన్ను లెక్కల కోసం అన్నాడు ఆ బావమరిది. ఒక ఏడాది సర్వీసు ఉచితం అన్నాడు. ఉచితం అంటే ఎక్కడ పెట్టాలో చూపించు అన్నాను. చూపించాడు, పెట్టాను."

"చదవలేదా?"

"నేను చదివితే ఇనుము ఎందుకు కొంటానక్కా, కాలేజీ పెట్టేవాణ్ణి కదా!"

ఆమె నవ్వు ఆపుకుని ఫారం అతని ముందు పెట్టింది. మధ్యలో ఉన్న వాక్యం పైకి చదివింది. అది చేత్తో రాసింది కాదు. వాపసు ఫారంలో ముందే అచ్చయి ఉన్నది. కంపెనీలో ఏ సరుకు వెనక్కి వచ్చినా అదే ఫారం నింపుతారు, ఖాళీల్లో పేరూ తేదీ రాసి మిగతాది ఎవరూ చూడరు. "కాటా సీలు తెంచి, లోడ్ సెల్స్ విప్పి, ప్లాట్‌ఫాం తొలగించి వాపసు తీసుకోవడమైనది."

చదువుతూ చదువుతూ ఆమె ఆగిపోయింది.

"ఏమైందక్కా?"

ఆమె యార్డులోకి నడిచింది. కాటా పక్కన మోకాళ్ల మీద కూర్చుని కాటా తీగలన్నీ కలిసే జంక్షన్ పెట్టె మీద దుమ్ము చీర కొంగుతో తుడిచింది. రాగి తీగ, దాని కొసన సీసపు బిళ్ల, బిళ్ల మీద తూనికల శాఖ ముద్ర, అది వేసిన త్రైమాసికం గుర్తు. తీగ తెగలేదు. ఆ రోజు ఇన్‌స్పెక్టరు ఆ బిళ్లని నొక్కుతుంటే పక్కన టార్చి పట్టుకుంది తనే.

"సీలు తెగిన కాటాతో తూస్తే ఏమవుతుందో తెలుసా తమ్ముడూ?" అంది లేస్తూ.

"జరిమానా. నెలరోజులు తాళం." షావుకారుకి ఆ విషయం బాగా తెలుసు. పక్క యార్డుకి కిందటేడు అదే జరిగింది.

"విప్పి మళ్లీ బిగించిన కాటాకి మళ్లీ ముద్ర వేయించాలి. వేయించకపోతే అది ముద్ర లేని కాటా కిందే లెక్క. నీ కాటా విప్పారని నువ్వే సంతకం పెట్టిచ్చావు. ఆ తర్వాత ముద్ర పడలేదు. అంటే మూడు నెలలుగా నువ్వు దేనిమీద తూస్తున్నట్టు?"

షావుకారు టీ గ్లాసు కింద పెట్టేశాడు.

"ఎవరూ విప్పలేదక్కా! నా తల్లి మీద ఒట్టు. ఒక్క బోల్టు కూడా ముట్టుకోలేదు!"

"ఆ మాటే కాగితం మీద రాసివ్వు. ఈసారి చదివి సంతకం పెట్టు."

*

నాలుగు రోజుల్లో ఐదుగురు రాసిచ్చారు. ఇటుకల భట్టీ ఆయన రెండు ప్రతులు ఇచ్చాడు, ఒకటి పోతే ఇంకొకటి ఉంటుందని. సిమెంటు గోడౌను ఆవిడ బావమరిదికి ఫోన్ చేసి తిట్టడం మొదలుపెడితే కాటా అక్కే ఆపింది. "ఇప్పుడే తిట్టకండి వదినా, ముప్పై తర్వాత ఎంత కావాలంటే అంత తిట్టుకోండి." అందరి కాగితాల్లోనూ ఒకటే మాట. బిగించిన రోజు నుంచి నా కాటాని ఎవరూ విప్పలేదు, బిల్లు మార్పు కోసమని చెబితే సంతకం చేశాను.

ఆరోది కంకర క్వారీ. దాని యజమాని గేటు దగ్గరే ఆపేశాడు.

"నేను రాసివ్వను. ఆయన నాకు వియ్యంకుడు. మా కోడలి తండ్రి మీద నేను కాగితాలు రాసివ్వాలా?"

"ఆయన మీద కాదండీ. మీ కాటా గురించి."

"ఏదైనా ఒకటే. కోడలి చెవిన పడితే నాకు రేపట్నుంచి ఇంట్లో మజ్జిగే గతి. వెళ్లిరా అమ్మా."

ఆమె వాదించలేదు. అక్కణ్ణుంచి భర్తతో కలిసి తూనికల శాఖ ఆఫీసుకి వెళ్లింది. ముద్రల రిజిస్టరు నకలు ఫీజు కడితే ఎవరికైనా ఇస్తారు. ఆ సంగతి తెలిసినవాళ్లు తక్కువ, అడిగేవాళ్లు ఇంకా తక్కువ. గుమాస్తా ఆరు నంబర్లూ వెతికి, ఒక్కోదాని కింద స్కేలు పెట్టి చూపించాడు.

"ఆరింటికీ ఒక్కొక్క ముద్రే ఉంది. అన్నీ నువ్వు మానెయ్యకముందువే. ఆ తర్వాత ఏమీ లేదు." అతను గొంతు తగ్గించాడు. "కంప్లైంటు ఏమైనా ఉందా? ఇన్‌స్పెక్టరుగారు లోపలే ఉన్నారు."

"లేదండీ. నకలు చాలు."

బయటికొచ్చాక భర్త అడిగాడు. "ఎందుకు లేదన్నావు? ఒక్క మాట చెప్తే ఆ కంపెనీ లైసెన్సు ఊడేది కదా."

"కంపెనీ దగ్గరికి వెళ్లేముందు ఆరు యార్డులకీ వెళ్తారు ఇన్‌స్పెక్టర్లు. తేలేదాకా ఆరు కాటాలకీ తాళం వేస్తారు. రేపు మన లారీని పిలవాల్సినవాళ్లు వాళ్లే కదండీ."

భర్త ఆఫీసు వైపు తిరిగి చూశాడు. "అంటే కత్తి ఉంది కానీ తియ్యలేం."

"తియ్యక్కర్లేదు. ఒరలో ఉన్నట్టు కనబడితే చాలు."

*

ఇరవై ఆరో తారీఖు పదకొండు గంటలకి ఆమె వకీలు నోటీసు తనే పట్టుకుని కంపెనీకి వెళ్లింది. వకీలు కూడా వస్తానన్నాడు. వద్దంది. నల్లకోటు చూస్తే యజమాని ఇంకో నల్లకోటుని పిలుస్తాడు, ఇద్దరూ వాయిదాలు మాట్లాడుకుంటారు.

యజమాని గదిలో పాత పద్ధతి కాటా బొమ్మ ఒకటి అద్దాల పెట్టెలో ఉంది. బావమరిది కిటికీ దగ్గర ఫోన్ చూసుకుంటున్నాడు.

"రా చెల్లెమ్మా," అన్నాడు యజమాని. "ఎన్నాళ్లయింది! మా జవాబు అందిందా?"

"అందింది సార్. అందుకే వచ్చాను."

ఆమె నోటీసు ఇచ్చి, బల్ల మీద మూడు వరసల్లో కాగితాలు పేర్చింది. కంపెనీ పంపిన ఆరు వాపసు ఫారాలు, తూనికల శాఖ ఇచ్చిన నకలు, ఐదుగురి రాతలు. పేకముక్కలు పంచినట్టు, తొందర లేకుండా.

"మీరు కాటాలు విప్పారని ఈ ఫారాలు చెప్తున్నాయి. విప్పినవాటికి మళ్లీ ముద్ర పడలేదని రిజిస్టరు చెప్తోంది. విప్పితే, మూడు నెలలుగా ముద్ర లేని కాటాలు నడిపిస్తున్నారు. విప్పకపోతే, నా కమీషన్ నాకివ్వాలి. రెండిట్లో ఏదో ఒకటి ఒప్పుకోండి సార్."

బావమరిది ఫోన్ జేబులో పెట్టుకున్నాడు.

యజమాని ఫారం దగ్గరగా పెట్టుకుని మధ్య వాక్యం చదివాడు. మొదటిసారి చదువుతున్నాడని ముఖం చూస్తేనే తెలుస్తోంది. "ఇదేంట్రా?" అన్నాడు బావమరిదితో.

"అది అచ్చులో ఉన్నదే బావా. ఎప్పుడూ అదే ఫారం కదా!"

"ఎప్పుడూ నిజంగా విప్పుతాం కదరా!"

యజమాని తేరుకోవడానికి ఎంతోసేపు పట్టలేదు. ముప్పై ఏళ్ల వ్యాపారం.

"సరే చెల్లెమ్మా. వెళ్లి కంప్లైంటు ఇవ్వు. ఆరు కాటాలకీ తాళం పడుతుంది. ఎవరి వల్ల పడిందో ఆ ఆరుగురికీ నేను చెప్తాను. ఆ తర్వాత ఈ చుట్టుపక్కల ఒక్క గేటు నీకు తెరుచుకుంటుందేమో చూద్దాం. లారీ కొంటున్నావంట కదా?"

అతనికి తెలుసని ఆమె అనుకోలేదు. అయినా తొణకలేదు.

"కంప్లైంటు ఇవ్వను సార్. దావా వేస్తాను. దావాలో మీ జవాబు జత చెయ్యాలి. మీ జవాబుకి ఈ ఫారాలు మీరే జత చేశారు. కోర్టు తూనికల శాఖని అడుగుతుంది. ఈ ఐదుగురికీ భయం లేదు, విప్పలేదని రాసిచ్చారు. అబద్ధం మీదని తేలుతుంది, వాళ్లు బయటపడతారు." ఆరో ఫారం మాత్రం వేలితో ముందుకి జరిపింది. "రాసివ్వనిది ఈయన ఒక్కరే. విప్పారనే ఈయన సంతకం చెప్తోంది. జరిమానా, తాళం, ఏదొచ్చినా ఈయనకే. మీ వియ్యంకుడుగారు."

యజమాని ఆ ఫారం చేతిలోకి తీసుకుని సంతకం చూశాడు.

"సంతకం పెట్టించింది ఎవర్రా?" అన్నాడు బావమరిదితో.

"నువ్వే కదా బావా, ఆరిటికీ పెట్టించమన్నావు."

"మా వియ్యంకుడికి కూడానా!"

"ఆరు అంటే ఆరూ అనుకున్నా."

యజమాని కుర్చీలో వెనక్కి వాలాడు. "సగం ఇస్తాను. మూడు లక్షల ముప్పై. ఇవాళే."

"ఆరు లక్షల అరవై."

"నాలుగు."

"సార్, మీ దగ్గర తొమ్మిదేళ్లు కాటాలమ్మాను. బేరం ఆడితే తూకం మారదని కొన్నవాళ్లకి చెప్పమని నేర్పింది మీరే."

బావమరిదికి నవ్వొచ్చింది. బావ ముఖం చూసి దగ్గుగా మార్చాడు.

"ఐదింటికి మొత్తం ఇస్తాను," అన్నాడు యజమాని. "ఐదున్నర. ఆరోది ఇవ్వలేను."

"ఎందుకివ్వలేరు?"

అతను బావమరిదిని బయటికి పొమ్మని సైగ చేశాడు. తలుపు మూసుకున్నాక, గొంతు బాగా తగ్గిపోయింది.

"మా వియ్యంకుడు ఆ కాటాకి ఒక్క పైసా ఇవ్వలేదమ్మా. ఇరవై ఏడున్నర లక్షల కాటా. ఏడు నెలలైంది. అడుగుదామనుకుంటా. పిల్లనిచ్చినవాణ్ణి, నోరు రాదు. పండ్లబుట్ట పట్టుకుని వెళ్తా, కాఫీ తాగి వస్తా."

ఆమె ఒప్పందం తీసి ఏడో నిబంధన చూసింది. చూడక్కర్లేదు, కంఠతా వచ్చు. డబ్బు వసూలైతేనే కమీషన్. అతను అబద్ధం ఆడుతున్నాడా? ఆడొచ్చు. కానీ ఐదింటి డబ్బు ఒప్పుకున్నవాడు ఆరోదానికి వియ్యంకుడి పరువు తాకట్టు పెట్టడు. కోర్టుకెళ్తే ఆరూ రావచ్చు, నాలుగేళ్లకి. ముప్పై ఇంకో నాలుగు రోజుల్లో ఉంది. ఐదున్నర తీసుకుంటే లారీకి యాభై వేలు తక్కువ.

"ఆరోది వసూలైన వారంలో ఇస్తానని రాసివ్వండి," అంది.

"రాసిస్తాను."

"ఆ వాపసు ఫారాల అసళ్లు ఐదూ నాకు కావాలి. మీ వియ్యంకుడుగారిది నా ముందే చింపెయ్యండి."

అతను తలెత్తాడు. "అది నీ దగ్గరే ఉంచుకోవచ్చు కదా. నా మెడ మీద కత్తిలా ఉండేది."

"క్వారీల్లో కూడా నాకు పనుంటుంది సార్."

చెక్కు పుస్తకం తీశాడు. ఆమె వద్దంది, బ్యాంకు నుంచి నేరుగా వెయ్యమంది. గుమాస్తా వేశాడు. అది రావడానికి నలభై నిమిషాలు పట్టింది. ఆ నలభై నిమిషాలూ ఆమె కుర్చీలోంచి లేవలేదు. మధ్యలో యజమాని రెండుసార్లు ఫోన్ మాట్లాడాడు, ఒకసారి మంచినీళ్లు కావాలా అని అడిగాడు. ఫోన్‌కి సందేశం వచ్చాక అంకెలు ఒక్కొక్కటే చూసుకుని, రసీదు రాసి సంతకం పెట్టింది. అసలు ఫారాలు సంచీలో పెట్టుకుంది. ఆరోది నాలుగు ముక్కలై బుట్టలో పడింది.

*

ఇరవై తొమ్మిదిన మొగుడూ పెళ్లాం లారీ ఆయన షెడ్డుకి వెళ్లారు. అత్తగారు కూడా వచ్చింది. కొన్నది ఏమిటో చూడకుండా అన్నం సహించదట.

యాభై వేలు తక్కువన్న మాటకి లారీ ఆయన ముఖం ముడుచుకున్నాడు. ఇంకో పార్టీ అన్నాడు. అత్తగారు అందుకుంది.

"ఆ పార్టీని పిలు నాయనా, మేమూ చూస్తాం. లారీ కిందనుంచి బయటికొచ్చాడో లేదో!"

ఆ పార్టీ ఇరుసు చూశాక మళ్లీ రాలేదని లారీ ఆయనే ఒప్పుకున్నాడు. గంటసేపు మాట్లాడుకున్నాక ఒక దారికి వచ్చారు. లారీ, నాలుగువందల నలభై రాళ్లు ఇప్పుడు. మిగతా అరవై రాళ్లు ఆయన షెడ్డులో ఉంటాయి. రెండు నెలల్లో యాభై వేలు తెచ్చి తీసుకుపోవాలి. ఈలోపు పెద్ద కాటాల పని తీసుకోలేరు. చిన్నవాటికి ఇవి చాలు.

భర్త రాళ్లెక్కించడం మొదలుపెట్టాడు. పదేసి చొప్పున ఒక వరస. ఒక్కో రాయి మీదా శాఖ ముద్ర ఉందో లేదో ఆమె వంగి చూసింది. ఎండ నెత్తికొచ్చింది. అత్తగారు గోనెపట్టా నీడలో కూర్చుని వరసలు వేళ్ల మీద లెక్కపెట్టుకుంటోంది.

"అయిపోయిందిగా," అన్నాడు లారీ ఆయన, కాగితం ముందుకి చాపుతూ. "సంతకం పెట్టమ్మా."

"నాలుగువందల ముప్పై తొమ్మిది," అంది ఆమె.

"నలభై."

"ముప్పై తొమ్మిదండీ. చివరి వరసలో తొమ్మిదే ఉన్నాయి."

"ఒక్క రాయికి ఏముందమ్మా! మీరే ఎక్కడో తప్పు లెక్కపెట్టుంటారు."

"నేనూ ముప్పై తొమ్మిదే లెక్కపెట్టా," అంది నీడలోంచి అత్తగారు.

కలం మూత పెట్టి ఆమె లారీ మెట్టు మీద కూర్చుంది. లారీ ఆయన ఆమెని చూశాడు, ఆమె భర్తని చూశాడు, ముసలావిణ్ణి చూశాడు. గొణుక్కుంటూ షెడ్డులోకి వెళ్లి, తలుపుకి అడ్డంగా పెట్టిన ఇరవై కిలోల రాయిని రెండు చేతులా మోసుకొచ్చాడు. వెనకాల తలుపు దానంతటదే మూసుకుంది.

భర్త దాన్ని అందుకుని వరసలో పెట్టాడు. ఆమె వంగి ముద్ర చూసి సంతకం పెట్టింది.